హాన్స్ గాఫ్రన్

హాన్స్ గాఫ్రన్ (మే 17, 1902 - ఆగష్టు 18, 1979) జర్మనీ నుండి అమెరికాకు వలస వెళ్ళి స్థిరపడిన జీవరసాయన శాస్త్రవేత్త. ఈయన జీవితంలో అధిక భాగం కిరణజన్య సంయోగక్రియ పరిశోధనలోనే గడిచింది. ఏకకణ జీవులైన ఆకుపచ్చ శైవలాలు (నాచు జాతి జీవులు) ఆక్సిజన్ లేని పరిస్థితులలో ఉదజని వాయువును, అనగా హైడ్రోజన్‌ను, స్వీకరించగలవని, వెలుతురు సోకినప్పుడు అదే వాయువును విడుదల కూడా చేయగలవని కనుగొన్నవాడు గాఫ్రన్. సూర్యరశ్మితో, శైవలాల సాయంతో హైడ్రోజన్ ఇంధనాన్ని తయారు చేయడానికి జరుగుతున్న జన్యు ఇంజనీరింగు ప్రయత్నాలకు ఈయన 1939-1942 మధ్య ప్రచురించిన పరిశోధనలే పునాది. అయితే గాఫ్రన్ ఈ పనిని ఇంధనం కోసం మొదలుపెట్టలేదు. మొక్క వెలుతురును ఎట్లా వాడుకుంటుందో తెలుసుకొనే ప్రయత్నంలో ఇది ఆయనకు అనుకోకుండా ఎదురైన విషయము.

బాల్యము, విద్యాభ్యాసము

గాఫ్రన్ దక్షిణ అమెరికాలోని పెరూ దేశ రాజధాని లీమాలో జన్మించాడు. తండ్రి ఎడ్వర్డ్ గాఫ్రన్ జర్మన్ వైద్యుడు. ఆయన లీమాలో వైద్యవృత్తి చేస్తూ పెరూ దేశపు పురాతన కుండలు, వస్త్రాలు, లోహపు వస్తువులు విస్తారంగా సేకరించాడు. ఈ సేకరణలో పెద్ద భాగం 1955లో షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దిగా ముందు ఈ కుటుంబం జర్మనీకి తిరిగి వచ్చి బెర్లిన్‌లో స్థిరపడింది. హాన్స్ రసాయన శాస్త్రము చదివి, 1925లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

వార్బర్గ్ ప్రయోగశాలలో

డాక్టరేటు తరువాత గాఫ్రన్ బెర్లిన్ శివారులోని డాలెంలో కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో ఒట్టో వార్బర్గ్ వద్ద చేరాడు. కణశ్వాసక్రియపై చేసిన కృషికి 1931లో నోబెల్ బహుమతి అందుకున్న వార్బర్గ్, ప్రయోగాలలో అతి ఖచ్చితత్వాన్ని కోరే గురువుగా పేరుపొందాడు. ఆయన ప్రయోగశాలలో ప్రధాన సాధనం మానోమీటర్. శైవల కణాలున్న ద్రవాన్ని చిన్న గాజు పాత్రలో పోసి, స్థిరమైన ఉష్ణోగ్రత గల నీటి తొట్టిలో ఉంచి అదేపనిగా ఊపుతూ ఉంటారు. పాత్రకు తగిలించిన సన్నని వంపు గొట్టంలో ద్రవమట్టం ఎంత కదిలిందో చూసి, కణాలు ఎంత వాయువును పీల్చాయో, ఎంత వదిలాయో లెక్కిస్తారు. మైక్రోలీటర్ల లెక్కన వాయువును కొలవగల ఈ పద్ధతిని గాఫ్రన్ డాలెంలోనే క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. ఆ తరువాత ఈయన చేసిన ముఖ్యమైన ఆవిష్కరణ ఈ గాజు గొట్టంలోని ద్రవమట్టాన్ని గమనించడం ద్వారానే జరిగింది.

ఈ కాలంలో గాఫ్రన్ పత్రహరితం (క్లోరోఫిల్) వెలుతురును గ్రహించి ఇతర పదార్థాలను ఆక్సీకరణం చేయించే తీరును పరిశీలించాడు. 1930ల తొలినాళ్ళలో కొంతకాలం అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో గడిపి, తిరిగి డాలెంకు వచ్చాడు. ఊదారంగు బాక్టీరియాలపై ఈయన చేసిన పని ఒక వివాదానికి దారితీసింది. ఈ బాక్టీరియాలు ఆక్సిజన్ విడుదల చేయకుండానే వెలుతురును వాడుకుంటాయి. సేంద్రియ ఆమ్లాలను ఇవి నేరుగా తమలో కలుపుకుంటాయని గాఫ్రన్ వాదించాడు. ఆ ఆమ్లాలు కార్బన్ డయాక్సైడును క్షయకరణం చేయడానికి హైడ్రోజన్ దాతలుగా మాత్రమే పనిచేస్తాయని కాలిఫోర్నియాలో పనిచేస్తున్న డచ్చి శాస్త్రవేత్త కార్నెలిస్ వాన్ నీల్ వాదించాడు. కొన్నేళ్ళ తరువాత గాఫ్రన్ ఆ వాన్ నీల్ ప్రయోగశాలకే వెళ్ళి పనిచేశాడు.

కిరణజన్య ప్రమాణము

1932లో రాబర్ట్ ఎమర్సన్, విలియం ఆర్నాల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు క్లోరెల్లా అనే శైవలంపై క్షణకాలపు కాంతి మెరుపులను ప్రసరింపజేశారు. మెరుపు ఎంత తీవ్రంగా ఉన్నా, ఒక్కొక్క మెరుపుకు సుమారు 2,500 పత్రహరిత అణువులకు ఒక ఆక్సిజన్ అణువు మాత్రమే వెలువడినట్లు వారు కనుగొన్నారు. ప్రతి పత్రహరిత అణువు విడివిడిగా పనిచేస్తున్నదని భావించిన ఆనాటి శాస్త్రవేత్తలకు ఈ ఫలితం అర్థం కాలేదు.

1936లో గాఫ్రన్, కుర్ట్ వోల్ కలిసి దీనికి ఒక వివరణ ప్రచురించారు. మసక వెలుతురులో ఒకే పత్రహరిత అణువు తనకు కావలసిన కాంతి కణాలన్నిటినీ తానే సమకూర్చుకోవాలంటే చాలా సేపు పడుతుంది. కాని దీపం వెలిగించిన వెంటనే ఆక్సిజన్ విడుదల మొదలవుతున్నది. కాబట్టి వందలాది అణువులు కలిసి కాంతిని గ్రహించి, ఆ శక్తిని రసాయన చర్య జరిగే ఒక కేంద్రానికి అందిస్తూ ఉండాలని వారు ప్రతిపాదించారు. నేటి పాఠ్యపుస్తకాలలో కనిపించే కాంతిగ్రాహక సముదాయము, చర్యాకేంద్రము అనే భావనలకు ఇది తొలి రూపము. ఆ సమయంలో ఈ ప్రతిపాదనను పట్టించుకున్నవారు తక్కువ. ఇంధన పరిశోధనలో ఈ విషయం మళ్ళీ ముందుకు వచ్చింది.

అమెరికాకు వలస

1933లో నాజీలు అధికారానికి వచ్చిన తరువాత డాలెం సంస్థల నుండి యూదు శాస్త్రవేత్తలను వెళ్ళగొట్టడం మొదలయింది. బయోకెమిస్ట్రీ సంస్థ స్థాపకుడైన కార్ల్ న్యూబర్గ్ కూడా పదవి కోల్పోయాడు. గాఫ్రన్ 1937లో జర్మనీ వదలి అమెరికా చేరాడు. మొదట కాలిఫోర్నియా తీరంలో పసిఫిక్ గ్రోవ్ వద్ద ఉన్న హాప్కిన్స్ మెరైన్ స్టేషన్‌లో వాన్ నీల్‌తో కలిసి పనిచేశాడు. అటు తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్ నెలకొల్పిన కిరణజన్య సంయోగక్రియ ప్రయోగశాలలో చేరాడు. 1925 నోబెల్ బహుమతి గ్రహీత అయిన ఫ్రాంక్ కూడా ప్రవాసియే. నాజీల చర్యలకు నిరసనగా ఆయన 1933లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి రాజీనామా చేశాడు. భౌతిక శాస్త్రవేత్త ఆలోచనలను, జీవరసాయన శాస్త్రవేత్త ప్రయోగ నైపుణ్యాన్ని జతచేసిన ఈ సహవాసం రెండు దశాబ్దాలకు పైగా సాగింది.

హైడ్రోజన్ ఆవిష్కరణ

బాక్టీరియాలలో కొన్ని హైడ్రోజన్‌ను వాడుకుంటాయని అప్పటికే తెలుసు. ఇంగ్లాండులో మార్జొరీ స్టీఫెన్సన్, లియొనార్డ్ స్టిక్‌లాండ్ 1931లో ఆ పని చేసే ఎంజైముకు హైడ్రోజినేజ్ అని పేరు పెట్టారు. అయితే నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలే ఆకుపచ్చ జీవులలో ఇట్లాంటి ఎంజైము ఉండగలదని ఎవరూ ఊహించలేదు. ఉండడానికి కారణం కూడా కనపడదు. ఎందుకనగా అది ఆక్సిజన్‌ను సహించలేని ఎంజైము.

గాఫ్రన్ సెనెడెస్మస్ అనే శైవలాన్ని ఆక్సిజన్ ఏమాత్రం లేకుండా, హైడ్రోజన్ నింపిన మానోమీటర్ పాత్రలో చీకటిలో ఉంచాడు. కొన్ని గంటలు గడిచాక పాత్రలోని వాయువు తగ్గిపోసాగింది. అనగా కణాలు హైడ్రోజన్‌ను పీల్చుకుంటున్నాయి. మసక వెలుతురు ప్రసరింపజేయగా, అవి కార్బన్ డయాక్సైడును కూడా స్వీకరించాయి గాని ఆక్సిజన్ వదలలేదు. నీటికి బదులుగా హైడ్రోజన్ వాయువును వాడుకొని పిండిపదార్థం తయారు చేసుకుంటున్నాయి. ఒక కార్బన్ డయాక్సైడు అణువుకు సుమారు రెండు హైడ్రోజన్ అణువుల చొప్పున ఖర్చయినట్లు లెక్క తేలింది. ఊదారంగు బాక్టీరియాల గురించి వాన్ నీల్ చెప్పిన పద్ధతి ఇదే. ఆకుపచ్చ శైవలం కొన్ని గంటలలోనే బాక్టీరియా తరహా జీవనానికి మారిపోయింది. ఈ క్రియకు గాఫ్రన్ ఫొటోరిడక్షన్ (కాంతి క్షయకరణం) అని పేరు పెట్టాడు. 1939లో నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖగా, 1940లో సవివరమైన వ్యాసంగా ఈ ఫలితాలు వెలువడ్డాయి.

వెలుతురు పెంచితే ఈ మార్పు నిలవదని కూడా గాఫ్రన్ గమనించాడు. కాంతి ఒక స్థాయిని దాటగానే కణాలు మళ్ళీ ఆక్సిజన్ వదలడం మొదలుపెడతాయి, హైడ్రోజన్ వాడకం ఆగిపోతుంది, శైవలం మామూలు స్థితికి వస్తుంది. తిరిగి అలవాటు పడడానికి మళ్ళీ గంటల తరబడి ఆక్సిజన్ లేకుండా ఉంచవలసిందే. కణం తాను స్వయంగా తయారు చేసుకున్న ఆక్సిజన్ చేతనే తన హైడ్రోజినేజ్‌ను కోల్పోతున్నదన్నమాట.

1942లో గాఫ్రన్, జాక్ రూబిన్ కలిసి ప్రచురించిన వ్యాసం దీనికి రెండవ భాగము. పాత్రలో హైడ్రోజన్‌కు బదులు నైట్రోజన్ నింపి, హైడ్రోజినేజ్ మేల్కొన్న కణాలను అందులో ఉంచినప్పుడు అవి చీకటిలో కిణ్వనం వలన కొద్దికొద్దిగా హైడ్రోజన్ విడుదల చేశాయి. దీపం వెలిగించగానే ఆ విడుదల పలు రెట్లు పెరిగింది. కాంతిశక్తితో ఒక ఆకుపచ్చ కణం హైడ్రోజన్ వాయువును తయారు చేయగలదని దీనితో రుజువయినది. యుద్ధం మధ్యలో వెలువడిన ఈ వ్యాసానికి ఆనాడు ఇంధనపరంగా ఏ ప్రాధాన్యమూ లభించలేదు. వెలువడిన వాయువు పరిమాణం కూడా చాలా స్వల్పము.

తరువాతి దశాబ్దంలో ఈ పరిశోధన ఇతర చోట్లకు వ్యాపించింది. 1949లో హోవార్డ్ గెస్ట్, మార్టిన్ కేమెన్ రోడోస్పైరిల్లం అనే ఊదారంగు బాక్టీరియా వెలుతురులో హైడ్రోజన్ వదులుతుందని కనుగొన్నారు. అక్కడ పనిచేసేది నైట్రోజన్ స్థాపన చేసే నైట్రోజినేజ్ అనే వేరొక ఎంజైము. ఆల్బర్ట్ ఫ్రెంకెల్ 1952లో క్లామిడోమొనాస్ అనే శైవలంలో హైడ్రోజన్ విడుదలను వివరించాడు. ఈ ప్రజాతికే చెందిన మరొక జాతి తరువాతి కాలంలో ఇంధన పరిశోధనకు కేంద్రమయింది.

షికాగోలో ఇతర కృషి

యుద్ధానంతరం రేడియోధార్మిక కార్బన్-14 అందుబాటులోకి రావడంతో, కిరణజన్య సంయోగక్రియలో మొట్టమొదట ఏర్పడే పదార్థం ఏమిటన్న ప్రశ్నపై పోటీ మొదలయింది. బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్ బృందం అది ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లమని ప్రకటించింది. గాఫ్రన్, ఎడ్వర్డ్ ఫేగర్ తదితరుల షికాగో బృందం మొదట్లో దీనిని అంగీకరించలేదు. కాని 1950 నాటికి తమ ప్రయోగాలలో కూడా అదే ఆమ్లం తేలడంతో ఆ ఫలితాన్ని తామే ధ్రువీకరించారు. ఈ పోటీలో షికాగో వెనుకబడిందనే చెప్పాలి.

జీవావిర్భావంపై కూడా గాఫ్రన్‌కు ఆసక్తి మెండు. డార్విన్ గ్రంథానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1959లో షికాగోలో జరిగిన సదస్సులో ఈయన పాల్గొన్నాడు. సదస్సు సంపుటంలో జీవావిర్భావంపై ఈయన వ్యాసం ఉన్నది. తొలి జీవులు పుట్టకముందే కాంతి వలన రసాయన పరిణామం జరిగి ఉంటుందని, నీటిని విడగొట్టే సామర్థ్యం ఆ పరిణామంలో చాలా ఆలస్యంగా వచ్చినదని ఈయన అభిప్రాయము. ఆక్సిజన్ లేని పురాతన భూమిపై జీవులు హైడ్రోజన్‌ను వాడుకొని ఉంటాయి గనుక, శైవలంలో దాగి ఉన్న హైడ్రోజినేజ్ ఆ కాలపు అవశేషం కావచ్చునని ఈ ఆలోచన సూచిస్తుంది.

టల్లహాసీ

1960లో గాఫ్రన్ ఫ్లోరిడా రాష్ట్రంలోని టల్లహాసీ పట్టణానికి మారి, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కాషా నెలకొల్పుతున్న అణుజీవభౌతిక శాస్త్ర సంస్థలో చేరాడు. షికాగోలో తనతో పనిచేసిన నార్మన్ బిషప్ అక్కడ కూడా తోడయ్యాడు. బిషప్ తయారు చేసిన సెనెడెస్మస్ ఉత్పరివర్తక రకాలు ముఖ్యమైనవి. వీటిలో కొన్నిటిలో నీటిని విడగొట్టే భాగం పనిచేయదు. దానితో ఏ భాగం ఏ పని చేస్తున్నదో విడదీసి చూడడం సాధ్యమయింది.

1960ల చివరి భాగంలో గాఫ్రన్, జార్జ్ ష్మిడ్ పొగాకు మొక్కలలోని పసుపుపచ్చని ఉత్పరివర్తక రకాలను పరిశీలించారు. వీటి ఆకులలో పత్రహరితం చాలా తక్కువ. అయినప్పటికీ తీవ్రమైన ఎండలో, ఉన్న పత్రహరితంతో పోల్చి చూస్తే, ఇవి మామూలు మొక్కల కన్నా ఎంతో ఎక్కువ పని చేశాయి. ఒక్కొక్క చర్యాకేంద్రానికి కాంతి అందించే అణువుల గుంపు చిన్నదైతే, ఎక్కువ వెలుతురు వృధా కాకుండా ఉంటుందని దీని భావము.

హైడ్రోజన్ ఎక్కడి నుండి వస్తున్నది?

ఇది గాఫ్రన్ చివరి సంవత్సరాలలో ప్రధాన వివాదము. వెలువడే హైడ్రోజన్‌కు కావలసిన ఎలక్ట్రాన్లు నీటి నుండి వస్తున్నాయా, లేక కణంలో ముందే నిల్వ ఉన్న పిండిపదార్థం వంటి వాటి నుండి వస్తున్నాయా అన్నది ప్రశ్న. ఇది కేవలం పండితుల చర్చ కాదు. నీటి నుండి వస్తే శైవలం ఎండను, నీటిని నేరుగా ఇంధనంగా మార్చే యంత్రమవుతుంది. నిల్వల నుండి వస్తే ముందు పంట పండించి, తరువాత దానిని కరిగించుకున్నట్లే అవుతుంది.

1958లో హాలెండుకు చెందిన స్ప్రూట్, క్లోరెల్లా ఒకే సమయంలో ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ వదులుతుందని చూపాడు. ఇది మొదటి పక్షానికి బలమిచ్చింది. 1969-1972 మధ్య గాఫ్రన్ సహచరులతో కలిసి చేసిన ప్రయోగాలు రెండవ పక్షానికి మొగ్గాయి. నీటిని విడగొట్టే భాగాన్ని నిరోధించే డి.సి.ఎం.యు. అనే రసాయనం కలిపినా హైడ్రోజన్ విడుదల పూర్తిగా ఆగలేదు. అందుచేత అది చాలావరకు సేంద్రియ నిల్వల నుండే వస్తున్నదని ఈయన భావించాడు. రెండు మార్గాలూ ఉన్నాయని, ఏది ఎంత అన్నది జాతిని బట్టి, పరిస్థితులను బట్టి మారుతుందని ఆ తరువాతి పరిశోధనలలో తేలింది.

ఈ చర్చ నడుస్తుండగానే 1973లో చమురు సంక్షోభం వచ్చింది. అంతవరకు ప్రయోగశాలలకే పరిమితమైన విషయానికి ఒక్కసారిగా ప్రభుత్వాల ఆసక్తి, ధనసహాయం లభించాయి. అప్పటికి గాఫ్రన్ వయసు డెబ్బై దాటింది. ఈయన 1979లో మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఫాల్మౌత్‌లో మరణించాడు.

తరువాతి కాలంలో ఇంధన పరిశోధన

1939లో గాఫ్రన్ గమనించిన ఆటంకం, అనగా ఆక్సిజన్ వలన హైడ్రోజినేజ్ చెడిపోవడం, ఈ రంగంలో అందరికీ అడ్డుపడిన సమస్య. 2000లో కాలిఫోర్నియాలో అనస్టాసియోస్ మెలిస్, కొలరాడోలోని జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలకు చెందిన మరియా గిరార్డి, మైకేల్ సీబర్ట్ తదితరులు దీనికి ఒక ఉపాయం ప్రకటించారు. క్లామిడోమొనాస్‌కు గంధకం అందకుండా చేస్తే, నీటిని విడగొట్టే భాగం మరమ్మత్తు లేక క్రమంగా మందగిస్తుంది. వెలువడే కొద్దిపాటి ఆక్సిజన్‌ను కణశ్వాసక్రియే హరిస్తుంది. సుమారు ఒక రోజులో పాత్రలో ఆక్సిజన్ లేకుండా పోయి హైడ్రోజన్ విడుదల మొదలవుతుంది, మూడు నాలుగు రోజులు సాగుతుంది. గాఫ్రన్ కాలంలో కొద్దిసేపట్లో ముగిసిపోయిన క్రియ రోజుల తరబడి నడవడం ఇదే మొదలు. అయితే లభించినది లీటరు ద్రవానికి గంటకు సుమారు 2 మిల్లీలీటర్ల వాయువు మాత్రమే. పైగా గంధకం లేక కణాలు నీరసిస్తాయి కనుక మధ్యమధ్యలో దానిని తిరిగి అందించవలసి ఉంటుంది.

జన్యు ఇంజనీరింగు ఆ తరువాతి మెట్టు. 2005లో జర్మనీ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎస్.టి.ఎం.6 అనే క్లామిడోమొనాస్ ఉత్పరివర్తక రకాన్ని వివరించారు. ఇందులో పిండిపదార్థం ఎక్కువగా నిల్వ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. సాధారణ రకం కంటే ఇది 5 నుండి 13 రెట్లు ఎక్కువ హైడ్రోజన్ ఇచ్చింది. నిల్వ పదార్థాలకు గాఫ్రన్ ఇచ్చిన ప్రాముఖ్యం ఇక్కడ గుర్తుకు రాక మానదు. మరొక ప్రక్క మెలిస్ బృందం ఒక్కొక్క చర్యాకేంద్రానికి పత్రహరిత అణువులు తక్కువగా ఉండే శైవలాలను తయారు చేసింది. చిక్కని శైవల ద్రవంలో పైపొరలోని కణాలు అవసరానికి మించి వెలుతురును మింగేసి, వేడిగా వృధా చేస్తాయి. క్రింది కణాలకు చీకటే మిగులుతుంది. గుంపును చిన్నది చేస్తే వెలుతురు లోతుకు దిగుతుంది. 1936 నాటి ప్రతిపాదనకు, పొగాకు ఆకుల ప్రయోగానికి ఇది ఇంజనీరింగు రూపమే.

ఎలక్ట్రాన్లు పిండిపదార్థం తయారీ వైపు మళ్ళకుండా హైడ్రోజినేజ్‌కే చేరేటట్లు చేయడం ఇంకొక మార్గము. 2011లో హైడ్రోజినేజ్‌ను, ఎలక్ట్రాన్లను మోసే ఫెర్రడాక్సిన్ అనే ప్రోటీనును ఒకే అణువుగా అతికించి పరీక్షనాళికలో పనిచేయించారు. 2020లో హైడ్రోజినేజ్‌ను నేరుగా కాంతి వ్యవస్థ-1కు అతికించి, బ్రతికి ఉన్న కణాలలోనే హైడ్రోజన్ తయారు చేయించగలిగారు. ఆ కణాలలో కూడా ఆక్సిజన్ బెడద తీరలేదు. ఆక్సిజన్‌ను తట్టుకొనే హైడ్రోజినేజ్ ఉన్న బాక్టీరియాలు ప్రకృతిలో ఉన్నాయి గాని, వాటి ఎంజైము వేరే రకానికి చెందినది, శైవల ఎంజైము కంటే నెమ్మదిగా పనిచేస్తుంది. శైవలాల నుండి వాణిజ్య స్థాయిలో హైడ్రోజన్ తయారీ ఇంకా మొదలు కాలేదు.